కంపనం వినే పెట్టె కొనేముందు

నా ఉద్యోగం సగం మేడ్చల్ పారిశ్రామికవాడలో, మిగతా సగం శామీర్‌పేట దాటాక తుర్కపల్లి జినోమ్ వ్యాలీలో గడిచింది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిన తరవాత ఈ వైపు స్టెరైల్ గదులు పెరుగుతూ వచ్చాయి. వాటికి గాలినిచ్చే ఏహెచ్‌యూ ఫ్యాన్ ఆగితే గదిలో ప్రెషర్ పడిపోతుంది, బ్యాచ్ మీద డీవియేషన్ రాయాలి. బేరింగ్ మొరాయించక ముందే దాని కంపనం వినాలి. అందుకు పనికొచ్చే డాక్ (డేటా అక్విజిషన్) పరికరాన్ని, అంటే సెన్సర్ సిగ్నల్‌ను రికార్డు చేసే పెట్టెను, ఎంచుకోవడంలో నాకు తెలిసివచ్చినవి ఇవి.

1. యంత్రాన్ని చదివాకే కేటలాగ్ తెరువు.
మన 50 హెర్ట్జ్ కరెంటు మీద 4 పోళ్ల మోటారు నిమిషానికి సుమారు 1480 చుట్లు తిరుగుతుంది, అంటే 25 హెర్ట్జ్‌కు కాస్త తక్కువ. పక్క షెడ్డులో రియాక్టర్ అజిటేటర్ 90 చుట్లే, 1.5 హెర్ట్జ్. రెండూ సెకనుకు 1 మి.మీ. వేగంతో కంపిస్తున్నాయనుకో. జీకి 100 మిల్లీవోల్టులిచ్చే మామూలు సెన్సర్ మోటారు మీద 1.6 మిల్లీవోల్టులిస్తుంది, అజిటేటర్ మీద 0.1 మిల్లీవోల్టే. ఆ కాస్తా నాసిరకం పెట్టె సొంత రొదలో మునిగిపోతుంది. అజిటేటర్‌కు 500 మిల్లీవోల్టుల సెన్సర్ పెట్టు. పెట్టె ఎంత కింది ఫ్రీక్వెన్సీ దాకా నమ్మకంగా చూస్తుందో కూడా అడుగు.

2. వడపోత లేని పెట్టె అబద్ధమాడుతుంది.
ఒక ఫ్యాక్టరీలో బ్లోవర్‌కు చవక కార్డు ఎంపిక చేసింది నేనే. బ్లోవర్ తిరిగేది సెకనుకు 25 సార్లే కదా, 1000 శాంపిళ్లు చాలనుకున్నాను. స్పెక్ట్రమ్‌లో 25 హెర్ట్జ్ దగ్గర శిఖరం పెరుగుతూ వచ్చింది. అన్‌బ్యాలెన్స్ అన్నాను. బరువులు వేయించాను, తగ్గలేదు, మళ్లీ వేయించాను. అన్‌బ్యాలెన్స్ అయితే ఫేజ్ నిలకడగా ఉండాలి, ఇక్కడ రీడింగు రీడింగుకూ మారుతోంది సార్ అని ఒక కుర్రాడు చూపించాడు కూడా. వినలేదు. చివరికి అద్దెకు తెచ్చిన అనలైజర్‌లో 25 దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. అసలు కదలిక 975 హెర్ట్జ్ దగ్గర, బేరింగ్‌ది. 1000 శాంపిళ్ల కార్డు 975ను 25గా చూపిస్తుంది, సినిమాలో బండిచక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించడం లాంటిదే. అప్పటికే బేరింగ్ చివరి దశకొచ్చి షాఫ్ట్‌ను కూడా తినేసింది.

అలా కలిసిపోయిన రికార్డును ఏ సాఫ్ట్‌వేరూ తరవాత విడదీయలేదు. యాంటీ-ఏలియాసింగ్ ఫిల్టర్ పరికరంలోనే ఉండాలి. డెల్టా-సిగ్మా రకం 24 బిట్ల మాడ్యూళ్లలో అది ఉంటుంది. ఎన్‌ఐ 9234 అలాంటిదే: 4 చానళ్లు, ఒక్కోదానికి సెకనుకు 51,200 శాంపిళ్లు. చూడదలచిన పై ఫ్రీక్వెన్సీకి 2.56 రెట్లు శాంపిల్ చేయడం ఈ పనిలో వాడుక.

3. చానళ్లన్నీ ఒకే క్షణంలో చూడాలి.
చవక కార్డులు ఒక చానల్ తరవాత ఇంకోటి చూస్తాయి. మధ్యలో 1 మిల్లీసెకను జారితే 25 హెర్ట్జ్ దగ్గర 9 డిగ్రీలు, 100 హెర్ట్జ్ దగ్గర 36 డిగ్రీలు ఫేజ్ తప్పుతుంది. కప్లింగ్‌కు అటూ ఇటూ కొలిచి మిస్‌అలైన్‌మెంట్ తేల్చేవాడికి ఇది చాలా ఎక్కువ.

4. తొందరపడి తీసిన రీడింగు సగం రీడింగే.
2 పోళ్ల మోటారు 2970 చుట్లు తిరిగితే దాని రెట్టింపు 99 హెర్ట్జ్. కరెంటు వల్ల వచ్చే కంపనం 100. ఒక్క సెకను రికార్డులో ఇవి విడిపోవు, 8 సెకన్లు తీస్తే విడిపోతాయి. అంతసేపు ఆగకుండా దాచుకునే మెమరీ ఉందో లేదో చూడు.

5. సాల్వెంటు ఉన్నచోట సొంత తెలివి వద్దు.
సెంట్రీఫ్యూజ్ గదిలోకి ఇంట్రిన్సిక్‌గా సేఫ్ సెన్సర్, సేఫ్టీ బ్యారియర్, పేలుడు భద్రత చూసే పెసో ఆమోదం లేకుండా వైరు లాగకు. బ్యారియర్ కొంత వోల్టేజీ తింటుంది. సెన్సర్‌కు మిగిలేది చాలుతుందో ముందే లెక్కవేయి.

6. డబ్బంతా పెట్టెకే పోయకు.
పెయింటు మీద అయస్కాంతంతో అంటించిన సెన్సర్‌కు పై ఫ్రీక్వెన్సీలు సరిగా అందవు. బేరింగ్ హౌసింగ్‌కు స్టడ్ వేయించు. సెన్సర్ కేబుల్‌ను వీఎఫ్‌డీ కేబుళ్ల ట్రేలో పడేయకు, షీల్డ్‌ను ఒక చివరే ఎర్త్ చేయి. కొటేషన్‌లో పర్చేజ్ వాళ్లు ముందుగా కొట్టేసేది కేబుళ్లు, స్టడ్ల వరుసే. ఆ ఒక్క వరుస కోసం నాయనా, వాళ్ల టేబుల్ ముందు కూర్చుని పోట్లాడు.