వేట రుతువుకు ముందు బీగిల్ సాధన



వర్జీనియాలో కుందేళ్ల వేట రుతువు నవంబరు మొదట్లో మొదలై ఫిబ్రవరి చివరిదాకా సాగుతుంది. బీగిల్‌కు సాధన మాత్రం ఆగస్టు చివరికల్లా మొదలవ్వాలి. వేసవంతా ఇంటిపట్టున తిని పడుకున్న కుక్కను తొలిరోజే గంటల తరబడి ముళ్లపొదల్లో పరుగెత్తిస్తే అరికాళ్లు చిట్లుతాయి, కండరాలు పట్టేస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. కుందేలు వాసన తగిలిన బీగిల్ తనంతట తాను ఆగదు. అది ఎంత పరుగెత్తగలదో, ఎక్కడ ఆపాలో చూసుకోవలసింది యజమానే. సాధనకు సంబంధించిన నియమాలన్నీ ఇక్కడినుంచే పుడతాయి.

బీగిల్ వాసన పట్టి తరిమే జాతి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ఎత్తును బట్టి రెండు రకాలుగా చూస్తుంది: భుజం దగ్గర 13 అంగుళాలకు మించనివి, 13 నుంచి 15 అంగుళాల మధ్యవి. 1888లో ఏర్పడిన నేషనల్ బీగిల్ క్లబ్ క్షేత్రం లౌడన్ కౌంటీలోని ఆల్డీలో ఉంది. తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన ఆష్‌బర్న్‌కు అది దగ్గరే. అక్కడి పొలాల గట్ల వెంట, బ్లాక్‌బెర్రీ పొదల్లో ఉండేది కాటన్‌టెయిల్ కుందేలు. లేపితే అది తన కొద్ది ఎకరాల పరిధి దాటిపోకుండా చుట్టు తిరిగి, లేచిన చోటికి దగ్గరగానే వస్తుంది. దాన్ని పరుగులో పట్టుకోవడం బీగిల్ పని కాదు. జాడ వదలకుండా, మొరుగుతూ, ఆ చుట్టు పూర్తయ్యేదాకా వెంబడించాలి. అందుకే సాధనలో వేగం కన్నా దమ్ముకు, నిదానానికి విలువ ఎక్కువ.

మొదటి మెట్టు పశువైద్యుడి పరీక్ష. రేబిస్, లెప్టోస్పైరోసిస్ టీకాలు సకాలంలో పడ్డాయో లేదో చూసుకోవాలి. పిడుదుల వల్ల వచ్చే లైమ్ జబ్బు వర్జీనియాలో ఉంది కనుక దాని టీకా గురించీ అడగాలి. దోమల ద్వారా సోకే గుండె పురుగుకు నెలనెలా ఇచ్చే మందు మానకూడదు. కుక్క బరువును చేత్తోనే తెలుసుకోవచ్చు: పక్కల మీద తేలిగ్గా చెయ్యి వేస్తే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నబడినట్టు కనిపించాలి. అలా లేకపోతే ముందు ఒళ్లు తగ్గించాలి. బరువైన కుక్కను పరుగుతోనే తగ్గించాలని చూస్తే కీళ్లు దెబ్బతింటాయి.

తొలి రెండు వారాలు నడక చాలు. తెల్లవారుజామున తాడు కట్టి 20 నుంచి 30 నిమిషాలు, కొంత గడ్డి మీద, కొంత కంకర దారి మీద నడిపించాలి. కంకర మీద నడక అరికాళ్ల మెత్తలను మెల్లగా గట్టిపరుస్తుంది. ఎండకు కాగిన తారురోడ్డు మాత్రం వాటిని కాలుస్తుంది. మనిషి చెయ్యి ఆనించి ఉంచలేని రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. తర్వాత వారానికి పదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. మూడో వారం నుంచి జాడ మీద పరుగు కలపాలి. పరుగు రోజుకూ పరుగు రోజుకూ మధ్య ఒక విశ్రాంతి రోజు ఉండాలి, ఎందుకంటే కండ బలపడేది విశ్రాంతిలోనే. ఇలా నడిచిన కుక్క అక్టోబరు చివరికి రెండు గంటలు తేలిగ్గా పనిచేస్తుంది.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అసలు శత్రువు వేడి. కుక్కకు అరికాళ్ల దగ్గర తప్ప చెమట పెద్దగా పట్టదు. రొప్పడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. నోరు తెరిచి రొప్పే కుక్క వాసన సరిగా పట్టలేదు. పైగా ఎండిన వేడి నేల మీద వాసన నిలవదు. మంచు తడి ఆరని వేకువ గంటలు కుక్క ఆరోగ్యానికీ, దాని ముక్కుకూ కలిసి రావడానికి కారణం ఇదే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. పరుగు ఆపి నీడన కూర్చోబెట్టినా అది 104 దాటే ఉంటే ప్రమాదం. చిగుళ్లు ఎర్రబారడం, చిక్కటి చొంగ, తూలడం, పిలిచినా పట్టించుకోకపోవడం దాని గుర్తులు. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లంతా చన్నీళ్లతో తడిపి, గాలి విసురుతూ పశువైద్యశాలకు చేర్చాలి. తేరుకున్నట్టు కనిపించినా వైద్యుడు చూడవలసిందే. లోపలి అవయవాల నష్టం ఆలస్యంగా బయటపడుతుంది.

పని పెరిగేకొద్దీ తిండి మారాలి. చాలాసేపు పరుగెత్తే కుక్కకు బలం ప్రధానంగా కొవ్వు నుంచి వస్తుంది. పనిచేసే కుక్కల కోసం తయారయ్యే, కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న దాణాకు వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. హఠాత్తుగా మారిస్తే కడుపు చెడుతుంది. పరుగుకు ముందు కడుపు నిండా పెట్టకూడదు. ముందురోజు సాయంత్రమే పెట్టి, మర్నాడు పరుగు ముగిసి రొప్పు పూర్తిగా తగ్గాక మళ్లీ పెట్టాలి. నీళ్లు మాత్రం మధ్యమధ్య కొద్దికొద్దిగా ఇస్తూనే ఉండాలి.

కొత్త కుక్కపిల్లకు కుందేలు తోలును గడ్డిలో ఈడ్చి జాడ వేసి అలవాటు చేస్తారు. తర్వాత కంచె వేసిన ఆవరణలో, నిదానమైన పెద్ద కుక్క పక్కన వదులుతారు. పెద్ద గుంపుతో కలిపితే పిల్ల జాడ పట్టడం మాని, ముందు పరుగెత్తే కుక్క వెనక పడుతుంది. కుందేలు మలుపు తిరిగినచోట జాడ తెగడం సహజం. అప్పుడు కుక్క తెగిన చోటనే చిన్న చుట్లు తిరుగుతూ వెతకాలి. యజమాని తొందరపడి చూపిస్తే కుక్క తన ముక్కును నమ్మడం మానేస్తుంది. వాసన లేకుండానే మొరిగే కుక్కను గుంపులోంచి తీసి కొన్నాళ్లు ఒంటరిగా పరుగెత్తించాలి. జింకను తరమడం పెద్ద దోషం, కుక్క రోడ్ల మీదికి, పరాయి భూముల్లోకి పోయేది దాని వెనకే. పిలవగానే తిరిగొచ్చే అలవాటు అన్నిటికన్నా ముందు నేర్పాలి. జీపీఎస్ మెడపట్టీ కుక్క ఎక్కడుందో చూపుతుందే కానీ, ఆ అలవాటుకు బదులు కాదు.

తుపాకి చప్పుడుకు అలవాటు చేయడం మెల్లగా సాగాలి. కుక్క తిండిలోనో పరుగులోనో నిమగ్నమై ఉన్నప్పుడు, చాలా దూరంలో చిన్న చప్పుడుతో మొదలుపెట్టి, బెదరకపోతేనే కొంచెం దగ్గరికి రావాలి. టపాకాయల సందడిలోకి తీసుకెళ్లి అలవాటు చేయాలనుకోవడం కుక్కను శాశ్వతంగా పిరికిది చేస్తుంది. తుపాకి ముట్టకుండా, కుక్కల పరుగూ మొరుగూ వినడానికే సాధన చేయించేవారూ చాలామంది ఉన్నారు. బీగిల్ పోటీలు కూడా కుందేలును చంపకుండానే జరుగుతాయి.

కాటన్‌టెయిల్ గర్భకాలం సుమారు 28 రోజులు. వసంతం నుంచి సెప్టెంబరు దాకా పలుమార్లు ఈనుతుంది. పిల్లలు కళ్లు తెరవకుండా, బొచ్చు లేకుండా, గడ్డిలోని లోతులేని గుంటల్లో ఉంటాయి. గూడు కనిపించిన చోట కుక్కలను వదలకూడదు. సాధనకు అనుమతి ఉన్న కాలాన్ని, లైసెన్సు నియమాలను రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రతి ఏటా వేసే పుస్తకంలో చూసుకోవాలి. భూమి యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఈ సాధనకు చోటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ కుందేలు వేట నేరం.

ప్రతి పరుగు తర్వాత కుక్కను తల నుంచి తోక దాకా తడిమి చూడాలి: వేళ్ల సందుల్లో ముళ్లు, చెవుల లోపల గడ్డి గింజలు, చంకల్లో పిడుదులు, ముళ్లకంచె గీతలు, పెరిగిన గోళ్లు. చచ్చిన కుందేలును తిననివ్వకూడదు, దాని లోపలి అవయవాల ద్వారా బద్దె పురుగు సోకుతుంది. మందకొడిగా, పారిపోలేకుండా ఉన్న కుందేలును మనుషులు వట్టి చేతులతో ముట్టరాదు. తులరీమియా అనే జబ్బు మనుషులకూ అంటుతుంది.

రుతువు తెరిచే ముందు వారం పని తగ్గించాలి. రెండు చిన్న పరుగులు, చివరి రెండు రోజులు నడక మాత్రమే. కుంటు ఉన్న కుక్కను, మెత్తలు చిట్లిన కుక్కను తొలిరోజు ఇంటి దగ్గరే ఉంచాలి. మిగిలినవి కూడా మొదటి రోజు రెండు గంటలకు మించి పనిచేయకూడదు. రుతువు దాదాపు నాలుగు నెలలు ఉంటుంది.