పిలిస్తే రావాలి: కుక్క ఉన్న ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

కుక్కపిల్ల ఇంటికి రాగానే చాలామంది ముందు నేర్పేది షేక్ హ్యాండ్. చుట్టాల ముందు ముచ్చటగానే ఉంటుంది. గేటు తెరిచి ఉన్నప్పుడు రోడ్డు మీదకు దూసుకెళ్లే కుక్కను వెనక్కి తెచ్చేది మాత్రం ‘రా’ అన్న పిలుపే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊళ్లవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే జాగ్రత్తలన్నిటికన్నా ముందు ఆ పిలుపునే పెడుతున్నాను.

పిలుపు నేర్పేటప్పుడు

ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడండి. నాన్న ‘కమ్’ అని, మామ్మ ‘ఇలా రా’ అని, పిల్లలు పేరు పెట్టి అరిస్తే కుక్కకు ఏదీ బుర్రకెక్కదు. వచ్చిన ప్రతిసారీ ఉడికించిన గుడ్డు ముక్కో, కోడిమాంసం ముక్కో పెట్టండి, మెచ్చుకోండి. మొదట ఇంట్లో, తర్వాత పెరట్లో, ఆ తర్వాత పొడవాటి తాడు కట్టి ఖాళీ స్థలంలో నేర్పండి. పూటకు ఐదు నిమిషాలు చాలు.

పిలిచి కొట్టకండి. కుక్కను పెంచేవాళ్లు చేసే తప్పుల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. చెప్పు కొరికిందని ‘రా’ అని పిలిచి రెండు దెబ్బలు వేస్తే దానికి చెప్పు సంగతి గుర్తుండదు, దగ్గరకు వెళ్తే దెబ్బ తప్పదన్నదే గుర్తుంటుంది. స్నానానికీ మందు వేయడానికీ కూడా పిలవకండి, మీరే వెళ్లి పట్టుకోండి.

శిక్షణకు పంపే ముందు

శిక్షకుడు ఇంటికి వచ్చి నేర్పినా, నలుగురి కుక్కల్ని మైదానంలో చేర్చి నేర్పినా, ముందు ఒక క్లాసు చూస్తామని అడగండి. అక్కడి కుక్కలు తోక ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి తిరుగుతుంటే మీ కుక్కను అక్కడ చేర్చకండి. ‘నెల రోజులు మా దగ్గర వదిలేయండి, మధ్యలో రావొద్దు’ అనేవాళ్లకు అసలు అప్పగించకండి. లాగితే మెడకు బిగుసుకునే గొలుసు, ముళ్ల పట్టీ వద్దు. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్, ఆరడుగుల లీష్ సరిపోతాయి.

పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన బూస్టర్లు. ఈ వరుస పూర్తికాకుండా తెలియని కుక్కల మధ్య కిందకు దించకండి. అలాగని నాలుగు గోడల మధ్యే ఉంచకండి. కుక్కపిల్ల లోకానికి అలవాటుపడేది 3 నుంచి 14 వారాల మధ్యనే. చంకనెత్తుకుని ఆటో చప్పుడు, కూరగాయల బజారు, గొడుగు పట్టుకున్న మనిషి, అన్నీ చూపించండి. పాశ్చర్ 1885 జూలై 6న తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేయించాడు. ఏటా ఆ తేదీన మన రాష్ట్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. వదులుకోకండి.

తిండి, మందు, ఎండ

ఉప్పు వేయని చోడి అంబలి పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉడికిన కోడి ఎముకలు పెట్టకండి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, అవీ వద్దు. కుంటుతోంది కదా అని ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయకండి, కడుపూ కిడ్నీలూ పాడవుతాయి. ఆవులకు వాడే పిడుదుల మందును అంచనాగా కలిపి కుక్కకు పూయకండి.

కుక్క వగర్చి ఒళ్లు చల్లార్చుకుంటుంది. మన తీరంలో గాలి తేమగా ఉండటంతో వగర్చినా వేడి త్వరగా దిగదు. మే నెలలో తెల్లవారుజామునే నడిపించండి. తూలిపోతే నీడలోకి మార్చి, ఒంటి మీద మామూలు నీళ్లు పోసి, గాలి తగిలేలా ఉంచి వెంటనే డాక్టరుకు చూపించండి.

సముద్రం ఒడ్డున

బారువ, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో కుక్కను వదిలి పరుగెత్తించాలని ఎవరికైనా ఉంటుంది. జనవరి నుంచి మే దాకా లీష్ విప్పకండి. అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఇసుకలో గుడ్లు పెట్టే కాలం, పిల్లలు పైకి వచ్చే కాలం. ఇసుక తవ్వి గుడ్లు తినేస్తాయి కుక్కలు. మీ కుక్క ఎంత మంచిదైనా, ఏ గుడ్లు ముట్టకూడదో దాని ముక్కుకు తెలియదు. ఎంత బాగా నేర్పిన పిలుపైనా గుడ్ల వాసన ముందు పనిచేయకపోవచ్చు. 1972 వన్యప్రాణి చట్టం ఈ తాబేళ్లకు అత్యున్నత రక్షణ ఇచ్చింది.

జాతర, బాణసంచా, తుఫాను

విజయనగరం సిరిమానోత్సవం జనంలోకి కుక్కను తీసుకెళ్లకండి. దీపావళికీ, మిగిలిన బాణసంచా కాల్చే నాగుల చవితికీ చీకటి పడకముందే తిప్పి తెచ్చి, లోపలి గదిలో ఫ్యాను వేసి ఉంచండి. మెడ పట్టీకి మీ ఫోన్ నంబరు తగిలించండి. బెదిరి పారిపోయిన కుక్కకు ఆ రాత్రి మీ పిలుపు వినిపించదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని పడగొట్టింది. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు కుక్కను గొలుసుతో కట్టేసి వెళ్లకండి. నీరు పెరిగినా చెట్టు కూలినా అది తప్పించుకోలేదు. వెంట తీసుకెళ్లండి. అది కుదరకపోతే కట్టు విప్పి, మేడ మీద గదిలో నీళ్లు, తిండి పెట్టి ఉంచండి. గాలి తగ్గాక వీధిలోకి వదలకండి, తెగిపడిన కరెంటు తీగలుంటాయి.

కరిస్తే

తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లల్ని కన్నప్పుడు కుక్క దగ్గరకు మన పిల్లల్ని వెళ్లనివ్వకండి. కరిచినా, గీరినా, సొంత కుక్కే అయినా, దానికి టీకా వేయించి ఉన్నా, ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చర్మానికి వేసే టీకా మొదటి రోజున, అక్కడి నుంచి 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ గురించి మీరే డాక్టరును అడగండి. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. ఆ పది రోజులూ అయ్యాక చూద్దామని టీకా ఆపకండి.