బ్యాచ్ రికార్డు గురించి చిట్టితల్లికి



నీ ఉత్తరం అందింది. తుర్కపల్లి దాకా కంపెనీ బస్సులో నిద్ర, క్యాంటీన్ భోజనం, మొదటి జీతం, అన్నీ మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. కానీ చివర రాసిన ముక్క నన్ను నిద్రపోనివ్వలేదు. ‘రీడింగులు చిత్తుకాగితం మీద రాసుకుని షిఫ్టు అయ్యాక బ్యాచ్ రికార్డులోకి ఎక్కిస్తాం, అందరూ అంతే’ అన్నావు. వద్దమ్మా.

అంత పెద్ద టీకాల కంపెనీలో తయారీ మొత్తం ఏ ఒక్కరి కంటా పడదు. ఫర్మెంటర్ దగ్గర నువ్వు, ప్యూరిఫికేషన్‌లో ఇంకొకరు, వయల్స్ నింపేచోట మరొకరు. నువ్వు వేసిన పీహెచ్ అంకెను నమ్మే పక్కగదివాళ్లు పని మొదలుపెడతారు. అందుకే చూసిన క్షణాన రాయాలి. తప్పు పడితే పాత అంకె కనపడేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం వెయ్యి. వైట్‌నర్ ముట్టుకోకు.

 

నేను మందుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో (పేరెందుకులే) కోల్డ్‌రూమ్ చూసే ఒకాయన ఉండేవాడు. నాకు వాల్వులు తిప్పడం నేర్పిందీ, రాత్రి షిఫ్టులో తన పులిహోర సగం పెట్టిందీ ఆయనే. ఓ రాత్రి రెండింటికే, ఉదయం ఆరు దాకా రిజిస్టర్‌లో ‘4 డిగ్రీలు’ అని నింపేసి పడుకున్నాడు. మూడింటికి కూలింగ్ ఆగిపోయింది. గోడమీది చార్టులో సూది మాత్రం పైకి గీసుకుంటూ పోయింది. సరుకు పారబోశారు. అంతకుముందు ఏళ్లతరబడి ఆయన నిజాయితీగా రాసిన అంకెలను కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మలేదు. దానికే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చినప్పుడు, రీకాంబినెంట్ టీకా దేశంలో మొదటిసారి మన హైదరాబాద్‌లోనే తయారైందని మేమంతా పొంగిపోయాం. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పాడవుతుంది. కరిగాక పైచూపుకు తేడా తెలియకపోవచ్చు. పసిబిడ్డకు సూది వేసే నర్సమ్మ దేన్ని నమ్మాలి చెప్పు? మనం రాసిన అంకెలనేగా. 2013లో మందుల కంపెనీ ర్యాన్‌బాక్సీ అమెరికా విభాగం నాసిరకం మందులు, తప్పుడు నివేదికల కేసులో నేరం ఒప్పుకుంది. 50 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంత దూరం పోయిన వ్యవహారం కూడా ఎవరో ఒకరు ఒక అంకె మార్చడంతోనే మొదలై ఉంటుందని నా నమ్మకం.

మీ సూపర్‌వైజర్‌తో నలుగురిలో వాదించకు. రికార్డును ఫర్మెంటర్ పక్కనే పెట్టుకుంటానని విడిగా అడుగు. కాదంటే నాణ్యత చూసే క్యూఏ వాళ్ల దగ్గరికి వెళ్లు. ఉద్యోగం పోతుందేమోనని భయపడకు. పోతే ఇక్కడికి రా, మరోటి వెతుక్కునేదాకా నిన్ను మేం చూసుకుంటాం.

పెద్దమ్మ కరివేపాకు పొడి పంపుతోంది, మీ హాస్టల్ అమ్మాయిలకూ పెట్టు. సూపర్‌వైజర్ ఏమన్నాడో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న