గుర్రం మీద కాలెక్కడ వుండాలి?

పిల్లలూ! చార్మినార్ పరిసరాల్లో పెళ్ళి ఊరేగింపులు చూసే వుంటారు. ముందు బ్యాండు మోగుతూ వుంటుంది, వెనక పెళ్ళికొడుకు గుర్రమెక్కి వస్తూ వుంటాడు. ఈసారి అతని తలపాగా సంగతి వదిలేసి కాళ్ళు చూడండి. చాలామందికి మోకాళ్ళు పైకి ముడుచుకుని, మడమలు లేచిపోయి, కాలివేళ్ళు నేలకేసి వాలి వుంటాయి. గుర్రం కాస్త కదిలితే చాలు, చేతులు రెండూ జీనును పట్టుకుంటాయి. అందులో అతని తప్పేమీ లేదు. భయం వేస్తే ముడుచుకోవడం, దొరికినదాన్ని గట్టిగా పట్టుకోవడం మన శరీరానికి సహజం.

పాతబస్తీ అంచున, మూసీకి దక్షిణంగా, మలక్‌పేట పందేల మైదానం వుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో పందేలను మౌలాలి నుంచి ఇక్కడికి మార్పించాడు. అక్కడ గుర్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూంటే జాకీ జీను మీద కూర్చోకుండానే వుంటాడు. మరి అతనెందుకు పడడు?

ఒక కుర్చీలో కూర్చోండి. కాళ్ళు ముందుకు చాపి, నడుము వంచకుండా, చేతుల సాయం లేకుండా లేవండి చూద్దాం. లేవలేరు. ఇప్పుడు పాదాలను వెనక్కు, కుర్చీ కిందికి లాక్కుని, కొద్దిగా ముందుకు వంగి లేవండి. సులువుగా లేస్తారు. మన బరువంతా ఒకచోట కేంద్రీకరించినట్లు పనిచేసే బిందువును గరిమనాభి అంటారని మీరు చదువుకున్నారు గదా. దాని నుంచి నేరుగా కిందికి గీసిన గీత పాదాల మీద పడితేనే మనం నిలబడగలం. కాళ్ళు ముందుకు చాపినప్పుడు ఆ గీత పాదాలకు బాగా వెనక పడుతుంది.

గుర్రం మీదా ఇదే లెక్క. అందుకే స్వారీ నేర్పేవారు చెవి, భుజం, తుంటి, మడమ నాలుగూ ఒకే నిలువు గీతలో వుండాలంటారు. గుర్రం హఠాత్తుగా మాయమైతే రౌతు నేల మీద నిలబడి వుండాలే గాని వెల్లకిలా పడకూడదు!

కొత్తవాళ్ళు పడిపోతామన్న భయంతో మోకాళ్ళతో గుర్రాన్ని గట్టిగా నొక్కుతారు. తడి సబ్బును వేళ్ళ మధ్య నొక్కితే ఏమవుతుంది? ఎగిరిపోతుంది. గుర్రం వీపు పైన సన్నంగా, కిందికి పోనుపోను లావుగా వుంటుంది. పైభాగాన్ని నొక్కినకొద్దీ రౌతు పైకి జారుతాడు. పైగా బిగిసిన మోకాలు వంగదు. సిటీ బస్సులో కండక్టరు దేన్నీ పట్టుకోకుండా టిక్కెట్లిస్తాడు, గమనించారా? అతని మోకాళ్ళు వదులుగా వుంటాయి. బస్సు కుదుపు అక్కడే అణగిపోతుంది. స్వారీలో తుంటి, మోకాలు, చీలమండ ఈ మూడూ స్ప్రింగుల్లా పనిచేయాలి. మడమ కిందికి దిగివుండాలనేది అందుకే. మడమ లేచిందంటే చీలమండ స్ప్రింగు పనిచేయదు. పాదం రికాబులోంచి ముందుకు దూసుకుపోయి ఇరుక్కునే ప్రమాదమూ వుంది. పడ్డప్పుడు పాదం ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. మడమ వున్న బూట్లే వేసుకోమనడం ఫ్యాషను కోసం కాదు.

దీన్ని ఇంట్లోనే అభ్యాసం చేయవచ్చు. అన్నిటికంటే కింది మెట్టు అంచున మునివేళ్ళ వెనుక భాగం ఆన్చి నిలబడండి. గోడ పట్టుకోండి. మోకాళ్ళు కొంచెం వంచి, మడమలను మీ బరువుతోనే మెల్లగా కిందికి దిగనివ్వండి, బలవంతంగా తొక్కవద్దు. ఇరవై లెక్కపెట్టండి. పిక్కలు లాగుతున్నట్లు తెలుస్తుంది. తర్వాత నేల మీద ఒంటికాలిపై నిలబడి కళ్ళు మూసుకోండి. వెంటనే తూలుతారు. చెవి లోపలి అర్ధవర్తుల కుల్యలు, కళ్ళు, కండరాలు పంపే కబుర్లను మెదడు కలిపి చూసుకుంటుంది. కళ్ళ కబురు ఆగిపోగానే మిగతావాటి మీద భారం పడుతుంది. రోజూ చేస్తే తూలడం తగ్గుతుంది.

గుర్రం మీద చేసేవి మాత్రం గురువు లేకుండా చేయరాదు. గురువు మధ్యలో నిలబడి పొడవైన తాడుతో గుర్రాన్ని గుండ్రంగా నడిపిస్తాడు. శిష్యుడికి పగ్గాలుండవు, రికాబులూ వుండవు. చేతులు రెక్కల్లా చాపడం, కుడిచేత్తో ఎడమకాలి బొటనవేలు తాకడం, చీలమండలను గుండ్రంగా తిప్పడం, తొడను తుంటి దగ్గర నుంచి పక్కకు ఎత్తి వదలడం చేయిస్తారు. ఆధారమేమీ లేని కాలు తన బరువుతో తానే కిందికి సాగుతుంది. అయితే ఇది కొద్ది నిమిషాలే మంచిది. అలసిన కండరాలు మళ్ళీ మోకాళ్ళతో పట్టు బిగిస్తాయి, నేర్చుకున్నదంతా పోతుంది. తర్వాత రికాబుల్లో నిలబడి, జూలు పట్టుకుని, గుర్రం నడుస్తూండగా కూర్చోకుండా వుండాలి. అది కుదిరాక చిన్న పరుగు. పాతబస్తీలో దాన్ని దుల్కీ అంటారు. ఇందులో ముందుకాలు ఒకటి, దానికి మూలగా వున్న వెనకకాలు ఒకటి కలిసి నేలను తాకుతాయి. అందువల్ల ఒకటి, రెండు అని లెక్కపెడుతూ లేవడం, కూర్చోవడం సాధ్యమవుతుంది.

ఇంత శ్రమ రౌతు కోసమే అనుకునేరు. కళ్ళెపు ఇనుపకడ్డీ గుర్రం నోట్లో పళ్ళు లేని ఖాళీచోట, నాలుక మీద ఆనివుంటుంది. అక్కడి చర్మం చాలా సున్నితం. కాళ్ళలో నిలకడ లేని రౌతు పగ్గాలకు వేలాడతాడు. అతని తూలుడుకల్లా గుర్రం నోరు నొప్పి అనుభవిస్తుంది. అందుకే కాలు కుదిరేదాకా చేతికి పగ్గాలివ్వని గురువే నా దృష్టిలో మంచి గురువు.

ఇక మన జాకీ. అతని రికాబులు బాగా పొట్టివి, గరిమనాభి బాగా ఎత్తు. ఇది స్థిరత్వానికి మంచిది కాదు, కొత్తవాళ్ళు అనుకరించరాదు. కానీ వేగానికి మేలు. గుర్రం కింద ఎగిరిపడుతున్నా కాళ్ళు మడుస్తూ చాస్తూ అతను దాదాపు ఒకే ఎత్తులో, ఒకే వేగంతో సాగిపోతాడు. ప్రతి దూకులోనూ అతని బరువును ఎత్తి కుదేసే పని గుర్రానికి తప్పుతుంది. ఈ పద్ధతి 1900 ప్రాంతంలో వ్యాపించినప్పుడు పందేల సమయాలు 5 నుంచి 7 శాతం మెరుగుపడ్డాయని 2009లో లండన్ శాస్త్రజ్ఞులు చూపించారు. గుర్రానికి తప్పిన ఆ శ్రమను జాకీ తొడలు మోస్తాయి. 1,200 మీటర్ల పందెం ఒక నిమిషం పది, పదిహేను సెకన్లు పడుతుంది. మోకాళ్ళు, తుంటి మడిచి, వీపు నేలకు సమాంతరంగా వంచి, గడియారం చూస్తూ అంతసేపు వుండండి చూద్దాం.