ఈ ఆషాఢం పొట్టేలు, వచ్చే ఏడు దసరా మాంసం

తొలకరి పడి బీళ్ళల్లో పచ్చిక లేచింది. గొర్రెలు ఎదకొచ్చే అదను ఇదే. రామగుండం, కమాన్‌పూర్, మంథని వైపు మందల్లో ఇప్పుడు చూలు కట్టినవి అయిదు నెలలకు, మార్గశిర పుష్యాల్లో ఈనుతాయి. ఆ పిల్లలకు వచ్చే ఏడు దసరా నాటికి తొమ్మిది పది నెలలు నిండుతాయి. సింగరేణి కార్మికుల చేతికి లాభాల వాటా అందేదీ, గోదావరిఖనిలో మాంసానికి గిరాకీ పెరిగేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు మీ పిల్ల ఎంత తూగుతుందో చాలావరకు ఈ నెలలో మందలోకి వదిలే విత్తనపు పొట్టేలు తేలుస్తుంది.

మన మందల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి ఒకటి మానాలి. దలారి వస్తాడు, ముందుగా ఎదిగిన నాలుగు పోతుపిల్లలను ఏరి మంచి ధర కడతాడు. డబ్బు అవసరం, ఇచ్చేస్తాం. అతను వద్దని వదిలేసిన వాటిలో ఒకటి పెరిగి పెద్దదై మందకు పొట్టేలవుతుంది. అంటే ప్రతి ఏడూ మంచి రక్తాన్ని అమ్ముకుని, నెమ్మదిగా ఎదిగే రక్తాన్ని మందలో ఉంచుకుంటున్నాం. వరి రైతు తాలు గింజలను విత్తనానికి దాచుకుంటాడా? ఒక గొర్రె ఏడాదికి ఒక పిల్లను ఇస్తే, పొట్టేలు పాతిక పిల్లలకు తండ్రి. బరువు పెరిగే గుణం తండ్రి నుంచి పిల్లలకు బాగానే దిగుతుంది. పైగా ఏడాది లోపే అమ్మకపు బరువుకొచ్చిన పిల్ల మాంసం లేతగా ఉంటుంది. అదే బరువుకు ఏడాదిన్నర పట్టిన దాని కండ ముదురుతుంది. తొందరగా ఎదగడమూ మాంసం మెత్తదనమూ ఇలా ముడిపడి ఉన్నాయి.

ఎంపికకు ఎంత బలముందో మన ఒంగోలు జాతే చూపించింది. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్ళిన ఆ పశువులను అక్కడ నెలోర్ అంటారు. అక్కడి రైతులు తరం తరం పిల్లల బరువులు రాసుకుని, వాటిని బట్టి ఆంబోతులను ఎంచుకుంటూ వచ్చారు. ఇవాళ ఆ దేశపు మాంసపు పశుసంపదకు అదే వెన్నెముక. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం, కాబట్టి మనకు ఆ దారి లేదు. కానీ ఆ లెక్కల పద్ధతి గొర్రెలకు అచ్చంగా పనికొస్తుంది.

దానికి ఒక నోటుబుక్కు, ఒక వేలాడే స్ప్రింగ్ కాటా చాలు. గోనెసంచికి నాలుగు కాళ్ళు దూరేలా రంధ్రాలు చేసి, పిల్లను అందులో నిలబెట్టి కాటాకు తగిలించండి. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి తూచి, చెవి పోగు నంబరు పక్కన రాయండి. పుట్టిన తేదీ, ఒంటరి పిల్లా కవలా అన్నదీ రాయాలి. ఒంటరిది తల్లి పాలన్నీ తానే తాగుతుంది కాబట్టి కవలను కవలతోనే పోల్చాలి. ఆరో నెలలో బరువెక్కువున్న రెండు మూడు పోతుపిల్లలను పక్కన పెట్టి, ఒక్కోదాని చివరి పక్కటెముక వెనక వెన్ను మీద అరచేయి వేసి నొక్కండి. వెన్నెముక కొసలు చేతికి గుచ్చుకుంటే కండ తక్కువ. నిండుగా తగిలితే నడుము మాంసం బాగుంది. దలారి చేయి పెట్టేదీ అక్కడే. బీజాలు రెండూ దిగి, సమానంగా, గట్టిగా ఉండాలి. కింది దవడ పొట్టిగా ఉన్నది ఎంత బరువున్నా వద్దు. పోయిన పుష్యంలో పుట్టినదాన్ని ఇప్పుడు ఎంచుకుంటే, వచ్చే ఆషాఢానికి ఏడాదిన్నర నిండి దాటడానికి సిద్ధమవుతుంది. అంతకు ముందు దించకండి.

అయితే దాన్ని మీ మందలోనే వాడకండి. తల్లినీ అక్కచెల్లెళ్ళనూ దాటితే పిల్లలు బలహీనంగా పుడతాయి. 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున వచ్చాయి. అలా వచ్చిన పొట్టేలు సంతానమే ఇంకా మందను దాటుతుంటే వెంటనే మార్చాలి. కమాన్‌పూర్ కాపరి ఎంచుకున్నది మంథని మందకు, అక్కడిది ఇక్కడికి మార్చుకోవచ్చు. రెండేళ్ళకోసారి ఇలా మారిస్తే పైసా ఖర్చు లేకుండా రక్తం మారుతుంది. మార్చే ముందు రెండింటికీ ఈసుడు రోగం రక్త పరీక్ష చేయించండి, వచ్చినదాన్ని మూడు వారాలు వేరుగా కట్టేయండి.

చూలు కట్టించే పని ఇలా సాగాలి. పొట్టేలును నెల ముందే మంద నుంచి దూరం చేయండి. తిరిగి కలిపినప్పుడు చాలా గొర్రెలు దగ్గర దగ్గరగా ఎదకొస్తాయి. నట్టల మందు ఆలోపే తాగించండి, ఎందుకంటే ఆల్బెండజోల్ లాంటి మందు చూలు తొలి నెలలో పడితే పిండానికి చేటు. కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజూ పావు కిలో దాణా పెట్టండి. కవలల కోసం మాత్రం ఈ ప్రాంతంలో ఎగబడవద్దని నా సలహా. ఓపెన్‌కాస్టు గనులకు బీళ్ళు పోయి మేత కరువైన చోట, ఒక తల్లి రెండు పిల్లలకు చాలినంత పాలివ్వలేదు. మేత చాలని యాభై గొర్రెల కన్నా కడుపు నిండిన ముప్పై అయిదు మేలు. ముసలివాటినీ, వరుసగా రెండేళ్ళు ఈననివాటినీ ఇప్పుడే తీసేయండి. బొగ్గు లారీల బాట పక్క దుమ్ము పట్టిన గడ్డి వానకు కడిగేదాకా మేపకండి. వానల్లో గనుల మట్టి గుట్టల వాలు మీదికి మందను ఎక్కించడం మందకూ మీకూ ప్రమాదం.

పాతిక గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున కలిపి, దాని రొమ్ముకు జాజు నూనెలో కలిపి పూయండి. దాటిన గొర్రె నడుము మీద ఎర్ర మరక పడుతుంది. పదిహేడు రోజులకు రంగు మార్చి నీలం పూయండి. ఎర్ర మరక మీద నీలం పడిన గొర్రెకు మొదటిసారి చూలు నిలవలేదన్న మాట. అలాంటివి ఒకటి రెండుంటే ఫరవాలేదు. సగం మందకు నీలం పడితే లోపం పొట్టేలుదే అయి ఉంటుంది. పశువైద్యుడికి చూపించి, అదను దాటకముందే వేరే పొట్టేలును దించండి. ముప్పై అయిదు రోజులు కాగానే పొట్టేలును మళ్ళీ వేరు చేసి, ఏ గొర్రెకు ఏ రోజు మరక పడిందో చూసి ఈత తేదీలు ఆ నోటుబుక్కులోనే రాసుకోండి.