కత్తి వంగితే ఎటు వంగాలి? చిన్న లేత్‌కి వెనక టూల్‌పోస్ట్

వర్క్‌షాప్ ల్యాబ్‌లో మనతో ఫేసింగ్, స్టెప్ టర్నింగ్, టేపర్, నర్లింగ్ అన్నీ చేయిస్తారు. పూర్తయిన జాబ్‌ని రాడ్ నుంచి కోసి వేరుచేసే పని, అదే పార్టింగ్, వచ్చేసరికి మాత్రం హ్యాక్‌సా చేతికిచ్చే ల్యాబ్‌లు తక్కువేం కాదు. అందుకు కారణం ఉంది. లేత్ మీద చేసే పనుల్లో కొత్తవాళ్ళని బాగా భయపెట్టేది ఇదే. రెండు మిల్లీమీటర్ల సన్నటి బ్లేడు లోతైన గాడిలోకి దిగుతుంది, గరగరమని చాటర్ మొదలవుతుంది, ఉన్నట్టుండి బ్లేడు జాబ్‌ని కరిచిపట్టుకుంటుంది. ఆ తర్వాత విరిగేది బ్లేడా, వంగేది జాబా అన్నది అదృష్టం.

కాలేజీ లేత్ టన్ను బరువుంటుంది కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. ఇంట్లో బల్లమీద పెట్టుకునే 7 అంగుళాల స్వింగ్ మినీ లేత్ సంగతి వేరు. దానికి ఎలాంటి యాక్సెసరీ ముందు చేసుకోవాలని అడిగితే చాలామంది క్విక్ చేంజ్ టూల్‌పోస్ట్ అంటారు. నన్నడిగితే వెనక టూల్‌పోస్ట్ అంటాను. క్రాస్ స్లైడ్ మీద, జాబ్‌కి అవతలి పక్కన, బ్లేడుని తలకిందులుగా పట్టుకునే ఓ ఇనుప దిమ్మ. అంతే.

ఇది కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండ్‌లో 1898లో మొదలైన మోడల్ ఇంజనీర్ పత్రిక చుట్టూ ఇంటి వర్క్‌షాపుల సంప్రదాయం ఒకటి పెరిగింది. 1946లో వచ్చిన మైఫోర్డ్ ఎం.ఎల్.7 లేత్ ఆ ఇళ్ళకి ముద్దుబిడ్డ. దాని క్రాస్ స్లైడ్ మీద టీ-స్లాట్లు ఉండటం వల్ల వెనకవైపు ఏదైనా బిగించుకోవడం తేలిక. జార్జ్ హెచ్. థామస్ అనే ఆయన గీసిన వెనక టూల్‌పోస్ట్ డిజైన్‌ని ఇప్పటికీ జనం తయారుచేసుకుంటున్నారు.

వెనక పెడితే ఏమవుతుంది? ఒక కాగితం తీసుకుని లేత్‌ని టెయిల్‌స్టాక్ వైపు నుంచి చూస్తున్నట్టు గీయండి. ముందువైపు జాబ్ ఉపరితలం కిందికి తిరుగుతుంది, అంటే టూల్ మొనని కిందికి నొక్కుతుంది. మొన ఒక్కటే వంగదు. దాని కింద కాంపౌండ్ రెస్ట్, క్రాస్ స్లైడ్, వాటి మధ్య సందులు, అన్నీ కలిసి ఎక్కడో ఒక చోట ఇరుసులా మడత పడతాయి. ఆ ఇరుసు మొనకన్నా కిందా, జాబ్‌కి కాస్త దూరంగా ఇవతలా ఉంటుంది. ఇప్పుడు ఇరుసు దగ్గర కంపాస్ ముల్లు పెట్టి మొన మీదుగా చాపం గీయండి. మొన కిందికి దిగుతూనే జాబ్ లోపలికి జరుగుతుంది. లోతు పెరిగింది, బలం పెరిగింది, ఇంకా వంగింది, ఇంకా లోపలికి జరిగింది. మనకి కంట్రోల్ సిస్టమ్స్‌లో చెప్పే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అక్షరాలా ఇదే. పైగా క్రాస్ స్లైడ్ స్క్రూలో ఎంత బ్యాక్‌లాష్ ఉంటే అంత దూరం మొన ఒక్క గుంజుతో లోపలికి దూకగలదు.

వెనక్కి వెళ్దాం. అక్కడ జాబ్ ఉపరితలం పైకి తిరుగుతుంది. బ్లేడు తలకిందులుగా ఉంది కాబట్టి బలం దాన్ని పైకి ఎత్తుతుంది. ఇరుసు ఇక్కడ కూడా మొనకన్నా కిందా, జాబ్‌కి దూరంగానే ఉంది. మళ్ళీ చాపం గీయండి. మొన పైకి లేస్తూ జాబ్ నుంచి బయటికి జరుగుతుంది. బలం పెరిగితే లోతు దానంతటదే తగ్గుతుంది. బ్లేడు వంగకుండా ఆపలేదు మనం, వంగే దిక్కు మార్చాం. ఇంకో రెండు లాభాలు ఊరికే వస్తాయి. చిప్స్ గాడిలో ఇరుక్కోకుండా కిందికి రాలిపోతాయి. బ్లేడు జాబ్‌ని కిందికి నొక్కుతుంది కాబట్టి స్పిండిల్ బేరింగులో లేచి ఆడే అవకాశం తగ్గుతుంది.

ఇక్కడో చిన్న లెక్క. 2 మి.మీ. మందం, 12 మి.మీ. ఎత్తు ఉన్న స్టీలు బ్లేడు మొన మీద 200 న్యూటన్ల బలం పడిందనుకుందాం. బ్లేడు 20 మి.మీ. బయటికి పొడుచుకొస్తే, కాంటిలీవర్ సూత్రం ప్రకారం వంగేది సుమారు 0.009 మి.మీ. అదే 40 మి.మీ. బయటికి ఉంటే 0.074 మి.మీ., అంటే ఎనిమిది రెట్లు. పొడుగు ఘనంలో పెరుగుతుంది కదా. పరీక్షలో రాసి మర్చిపోయిన సూత్రం టూల్ బిగించే ప్రతిసారీ పనికొస్తుంది. 25 మి.మీ. రాడ్ కోయడానికి సగం, అంటే 12.5 మి.మీ. చేరితే చాలు. ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి మిగతా బ్లేడుని లోపలికి తోసేయండి.

తయారీకి వద్దాం. మినీ లేత్ క్రాస్ స్లైడ్‌కి మామూలుగా టీ-స్లాట్లు ఉండవు, రంధ్రాలు వేసి ట్యాప్ కొట్టాలి. డ్రిల్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. మీరు కోయబోయే పెద్ద రాడ్‌నీ, చిన్న రాడ్‌నీ చక్‌లో పెట్టి, దిమ్మని క్రాస్ స్లైడ్ మీద ఊరికే ఆనించి, హ్యాండిల్ తిప్పి చూడండి. పెద్ద రాడ్‌కి తగలకూడదు, చిన్న రాడ్ మధ్యకి మొన చేరాలి, ముందున్న టూల్‌పోస్ట్‌కి చోటుండాలి. అప్పుడు గుర్తు పెట్టి రెండు ఎం8 రంధ్రాలు. బోల్టు పొడుగు ఎక్కువైతే క్రాస్ స్లైడ్ కిందికి దిగి శాడిల్‌ని గీరేస్తుంది, అది చూసుకోండి.

దిమ్మకి ఎం.ఎస్. చాలు. బ్లేడు కూర్చునే గాడి ఎత్తు దగ్గరే అందరూ తికమకపడతారు. దీనికి కొలతలు అక్కర్లేని ఉపాయం ఒకటుంది. లేత్‌నే మిల్లింగ్ మెషిన్ చేయండి. స్పిండిల్ కోలెట్‌లో 12 మి.మీ. ఎండ్ మిల్ బిగించి, కాంపౌండ్ తీసేసి, క్రాస్ స్లైడ్ అదే తలం మీద దిమ్మని గట్టిగా క్లాంప్ చేసి, చక్ వైపు ముఖం మీద క్రాస్ స్లైడ్‌తో అడ్డంగా గాడి కోయండి. కొంచెం కొంచెంగా, పాస్‌కి 0.2 మి.మీ. చొప్పున. గాడి మధ్యగీత కచ్చితంగా స్పిండిల్ ఎత్తులోనే వస్తుంది, కింది అంచు దానికి 6 మి.మీ. దిగువన ఉంటుంది. ఇప్పుడు దిమ్మ కింద 6 మి.మీ. ప్లేటు పెడితే ఆ కింది అంచు సెంటర్ ఎత్తుకి చేరింది. తలకిందులు బ్లేడు కోత అంచు ఉండాల్సింది సరిగ్గా అక్కడే. బ్లేడు ముందే కొని వెర్నియర్‌తో కొలుచుకోండి. గాడి చాలకపోతే దిమ్మ కింద షిమ్ పెట్టి ఇంకో పాస్ తీయండి, ఆ షిమ్ మందాన్ని 6 మి.మీ. ప్లేటుకి కూడా కలపండి. గాడి లోతు బ్లేడు మందం కన్నా ఒక వెంట్రుక తక్కువ ఉంచితే, పైన పెట్టిన పట్టీ బ్లేడుని బాగా బిగిస్తుంది. మొద్దుబారినప్పుడు బ్లేడు ముందు ముఖం మాత్రమే గ్రైండ్ చేస్తే ఎత్తు మారదు, మళ్ళీ షిమ్ములు వెతుక్కునే పని ఉండదు.

వెనక పోస్ట్‌లో లోపమే లేదా అంటే ఉంది. బలం పైకి కదా, అది క్రాస్ స్లైడ్‌నీ, శాడిల్ వెనక భాగాన్నీ ఎత్తడానికి చూస్తుంది. పట్టి ఉంచేవి జిబ్బులూ, శాడిల్ కింద బెడ్‌ని పట్టుకునే పట్టీలూ. చిన్న లేత్‌లలో ఇవి ఫ్యాక్టరీ నుంచి వదులుగా వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. దిమ్మ చేయకముందే, శాడిల్ మీద డయల్ గేజ్ ఆనించి వెనకవైపు చేత్తో ఎత్తి చూడండి. ముల్లు బాగా కదిలితే ముందు ఆ సంగతి చూడాలి. పట్టీని ఎమెరీ కాగితం మీద రుద్దో, షిమ్ వేసో సందు తగ్గించండి. ఇది తీరకుండా కొత్త యాక్సెసరీ ఏది బిగించినా దండగే.

కొందరు ముందు టూల్‌పోస్ట్‌లోనే బ్లేడు తిరగేసి, స్పిండిల్‌ని వెనక్కి తిప్పుతారు. మినీ లేత్‌లో చక్ బోల్టులతో ఉంటుంది కాబట్టి నడుస్తుంది. మైఫోర్డ్ లాగా మరలతో ఎక్కే చక్ అయితే అది ఊడి వచ్చేస్తుంది, ఆ సాహసం వద్దు.

మిల్లింగ్ దగ్గర కూడా ఇదే తర్కం. క్లైమ్ మిల్లింగ్‌లో కట్టర్ జాబ్‌ని తనవైపు లాక్కుంటుంది, టేబుల్ స్క్రూలో బ్యాక్‌లాష్ ఉంటే టేబుల్ మొత్తం ఒక్కసారి ముందుకి దూకుతుంది. అందుకే చిన్న మెషిన్ మీద కన్వెన్షనల్ దిశలోనే కోయమంటారు. కదలక్కర్లేని స్లైడ్‌కి చేసుకునే చిన్న లాక్ హ్యాండిల్, ఖరీదైన వైస్ కన్నా ముందు పనికొస్తుంది.

మన పాత నిఘంటువుల్లో లేత్‌కి తరిమెన అనే మాట ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చెక్కేవాళ్ళ పనిలో ఉలి చేతిలోనే ఉంటుంది. ఉలి ఎక్కువ కరిస్తే చెయ్యి వెంటనే సడలుతుంది. టూల్‌పోస్ట్‌కి ఆ స్పర్శ లేదు కాబట్టే దాని బదులు జ్యామితి ఆ పని చేయాలి.

ఇక మొదటి కోత. 25 మి.మీ. మైల్డ్ స్టీలుకి నిమిషానికి 20 మీటర్ల కోత వేగం అనుకుంటే 255 ఆర్.పి.ఎం. వస్తుంది. మొదట్లో అందులో సగంతో మొదలుపెట్టండి. చక్‌కి దగ్గరగా కోయండి. టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి ఉంచి చివరిదాకా ఎప్పుడూ కోయొద్దు, తెగే ముక్క బ్లేడుకీ సెంటర్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. శాడిల్ లాక్ చేసి, నూనె ధారగా వేస్తూ, హ్యాండిల్‌ని ఆపకుండా తిప్పండి. అలవాటుకి వ్యతిరేకంగా, క్రాస్ స్లైడ్‌ని మీ వైపుకి లాగే దిశలో తిప్పాలని గుర్తుంచుకోండి. భయపడి మెల్లగా తిప్పితే మొన కోయకుండా రుద్దుకుంటుంది, చాటర్ అక్కడే పుడుతుంది. తెగిన ముక్క మధ్యలో చిన్న బొడిపె మిగులుతుంది. అది రాకుండా మొనని వాలుగా గ్రైండ్ చేయొచ్చు కానీ, ఆ వాలు వల్ల లోతైన గాడిలో బ్లేడు పక్కకి నడుస్తుంది. మొనని తిన్నగానే ఉంచి, బొడిపెని తర్వాత ఫేసింగ్‌లో తీసేయండి.