సెంటు నారుమడికి లక్షల పాలీహౌసా?

మృగశిరలో రెండు మంచి వానలు పడ్డాయి. ఆరుద్ర కార్తె అంతా చినుకు లేదు, ఎండ వేసవిలా కాసింది. పునర్వసు వస్తూనే ముసురు పట్టి నాలుగు రోజులు పొద్దు కనిపించలేదు. మిర్చి నారు పోసుకునే రోజుల్లో ఇంతకన్నా చెడ్డ వరస ఉండదు. ఎండలో తామర పురుగు పెరిగింది, ముసురులో నారుకుళ్ళు అందుకుంది. ఆరుబయట పోసిన మళ్ళు చాలాచోట్ల మచ్చలు మచ్చలుగా కూలిపోయాయి. సరిగ్గా ఆ సమయానికే ఊళ్ళలోకి బైకుల మీద మనుషులు దిగుతున్నారు. చేతిలో రంగుల కాగితం, నోట్లో ఒకటే మాట: "పాలీహౌస్ వేసుకోండి. వానా రాదు, పురుగూ రాదు. సబ్సిడీ సంగతి మేం చూసుకుంటాం."

నాకు వస్తున్న ఫోన్లలో సగం దీని గురించే. నెట్టు పందిరి వేసుకోవాలా, పాలీహౌస్ కట్టాలా? అందుకని ఈ నెల మిగతా పంటలకు తలా ఒక మాట చెప్పి, మిగిలిన కాలమ్ అంతా మిర్చి నారుకే ఇస్తున్నాను.

సొంత పొలానికి నారు పెంచుకునే అయిదారెకరాల రైతుకు పాలీహౌస్ అక్కర్లేదు. పురుగు దూరని వల కట్టిన పందిరి చాలు.

ముందు కొలత చూడండి. రెండడుగుల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 11 వేల మొక్కలు పడతాయి. 98 గుంతల ట్రేలు 112 సరిపోతాయి. మొలవనివి, చచ్చినవి పోతాయనుకుని 125 పెట్టుకోండి. ఇన్ని ట్రేలు పరచినా, మధ్యలో నడక దారి వదిలినా, ఎకరం నారుకు సెంటు చోటు దాటదు. అయిదెకరాలకు అయిదు సెంట్లు, అంటే రెండు వందల చదరపు మీటర్లు. అదీ ఏడాదిలో నలభై, నలభై అయిదు రోజులకే.

ఇప్పుడు ఖర్చు. 2014 నాటి కేంద్ర ఉద్యాన మిషన్ మార్గదర్శకాల్లో ఇలాంటి చిన్న పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 1060 రూపాయలు లెక్కగట్టారు. ఇనుప గొట్టాల షేడ్‌నెట్‌కు 710, కర్రలతో కడితే 492, వెదురుతో అయితే 360, మోకాలెత్తు ప్లాస్టిక్ టన్నెల్‌కు 60. అవి పాత ధరలు, ఇనుము ఇప్పుడు ఆ రేటుకు దొరకదు. కానీ వాటి మధ్య తేడా చూడండి. అయిదు సెంట్లకు పాలీహౌస్ రెండు లక్షలు దాటితే వెదురు పందిరి 72 వేలతో అయిపోతుంది. పైగా పాలీహౌస్ మీద వేసే 200 మైక్రాన్ల కవరు సుమారు మూడేళ్ళు ఉంటుంది. తర్వాత కొత్త కవరుకు సబ్సిడీ ఎవరిస్తారో ఆ బైకు మనిషిని అడగండి. ఈ ఖర్చు ఉన్న కొటేషన్ నేను ఇంతవరకు ఒక్కటీ చూడలేదు.

పాలీహౌస్ పనికిమాలినదని నేను అనడం లేదు. అది పుట్టిన చోటు వేరు. చలి దేశాల్లో ఎండ వేడిని పట్టి దాచుకోవడానికి గాజు ఇళ్ళు కట్టుకున్నారు, తర్వాత గాజు బదులు పాలిథిన్ వచ్చింది. బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్ళు కొందరు అక్కడి కౌన్సిళ్ళు అద్దెకిచ్చే అలాట్‌మెంట్ మడుల్లో గోంగూర, పచ్చిమిర్చి పెంచుతున్నారు. ఆ మడి 250 చదరపు మీటర్లు, మన లెక్కలో ఆరు సెంట్లు. గాజు ఇల్లా, పాలిథిన్ టన్నెలా అని వాళ్ళు తర్కించుకోవడంలో అర్థముంది, వేడి లేకపోతే అక్కడ మన కూర మొలవదు. పల్నాడులో, ఖమ్మంలో జూలై నెలలో వేడి ఎవరికి కావాలి? మన నారుకు కావలసినవి మూడే: మీద పడే జోరువానకు అడ్డు, పురుగుకు అడ్డు, గాలి ఆడడం. పాలీహౌస్ మొదటిది బాగా చేస్తుంది. మూడోదాన్ని చెడగొడుతుంది. ఇక రెండోది తలుపు దగ్గర పోతుంది.

ఎలా పోతుందో మొన్న కళ్ళారా చూశాను. ఒక రైతు కిందటేడు కట్టిన పాలీహౌస్‌కు రమ్మంటే మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. తలుపు బార్లా తీసి, పడిపోకుండా ఇటుక ఆనించి ఉంది. "మూసుంటే లోపల నిలబడలేకపోతున్నాం సార్" అన్నాడు. నిజమే, గొట్టం మీద చేయి పెడితే చురుక్కుమంది. నారు ఆకులు వేలాడుతున్నాయి. జేబులోంచి తెల్ల కాగితం తీసి, ఒక ట్రే అంచున ఉన్న నాలుగు మొక్కల కొసలను దాని మీద తట్టాను. నువ్వుగింజలో సగం కూడా లేని నల్లని గీతలు ఆరేడు కదిలాయి. ఒకటి పరుగెత్తి కాగితం అంచు దాటి నా బొటనవేలి మీదికి ఎక్కింది. రైతు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మందు కొడుతూనే ఉన్నాను కదా" అన్నాడు.

ఆ నల్ల తామర పురుగును మిర్చి రైతు మరిచిపోలేడు. మన దేశంలో మొదట 2015లో బొప్పాయి మీద కనిపించింది. 2021-22లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ చేలలో పూత మీద పడి, కాయ పట్టకుండా చేసింది. చేలకు చేలు దున్నేశారు. దీని ప్యూపా దశ నేలలోనూ రాలిన ఆకుల్లోనూ గడుస్తుంది. బయట చేలో అయితే గట్టి వాన పడ్డప్పుడు కొంత కొట్టుకుపోతుంది, దాన్ని తినే పురుగులూ కొన్ని ఉంటాయి. కవరు కింద వాన పడదు, మిత్ర పురుగు చేరదు, వెచ్చగా ఉంటుంది. ఒక్కసారి లోపలికి చేరిందంటే పాలీహౌస్ దానికి పుట్టిల్లు.

ఇక డీలరు చెప్పే రెండో మాట, "నారు అయిపోయాక మిగతా పది నెలలు క్యాప్సికం వేయండి, అప్పు తీరిపోతుంది" అన్నది. దీని మీద నాకు చాలా కోపం ఉంది. క్యాప్సికం మిరపకు తోబుట్టువు. అదే తామర పురుగు, అదే నల్లి దాన్నీ పట్టుకుంటాయి. ఏడాది పొడవునా పురుగును అక్కడ మేపి, వచ్చే జూలైలో అదే కప్పు కింద కొత్త నారు పోయమని రైతుకు సలహా ఇవ్వడం ఏం న్యాయం? నారు పెంచే చోటు మిగతా నెలలు ఖాళీగా, కలుపు లేకుండా ఎండాలి. వెదురు పందిరి అయితే వల విప్పి చుట్టి అటక మీద పెట్టుకుంటాం. అక్టోబరు, నవంబరు తుపాను గాలికి ఎగిరిపోయేదీ ఏమీ ఉండదు.

ఎవరికి పాలీహౌస్ తగును? లక్షల్లో నారు అమ్మే నర్సరీకి తగును. పట్నానికి దగ్గరగా ఉండి, నీరూ కరెంటూ నమ్మకంగా ఉండి, ఇంటి మనిషి ఒకరు రోజంతా అక్కడే ఉండగలిగితే పూలకు, కూరగాయలకు తగును. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడ్డ తొలినాళ్ళలో 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. హైదరాబాద్ చుట్టుపక్కల దానితో నిలదొక్కుకున్న వాళ్ళు ఉన్నారు. కవరు పేలికలై, గొట్టాలు తుప్పు పట్టి నిలబడ్డ ఇళ్ళూ ఉన్నాయి. సంతకం పెట్టే ముందు ఆ రెండో రకాన్ని కూడా వెళ్ళి చూసి రండి.

పందిరి వేసేవాళ్ళు ఖర్చు ఎక్కడ పెట్టాలో చూసుకోండి. పక్కల వలకు పెట్టండి. పచ్చ షేడ్‌నెట్ నీడకే, దాని కన్నుల్లోంచి తామర పురుగు బారులు తీరి వస్తుంది. పక్కలకు అంగుళానికి 50 కన్నుల నైలాన్ వల కట్టి, అడుగు అంచు జానెడు మట్టిలో పూడ్చండి. 40 మెష్ తెల్లదోమను చాలావరకు ఆపుతుంది, తామర పురుగును ఆపలేదు. 50 మెష్ కూడా నూటికి నూరు ఆపదు. అందుకే లోపల నీలం, పసుపు జిగురు అట్టలు నారు ఎత్తులో వేలాడదీసి, రోజూ పొద్దున్నే చూడాలి. పైన పాలిథిన్ పట్టా చుట్టలా ఉంచుకుని వాన వచ్చినప్పుడే పరచండి, ఆగగానే చుట్టేయండి. వాకిలికి రెండు తెరలు, మధ్యన మనిషి నిలబడే చోటు ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తీయాలి. మిర్చి చేలోనో, వంకాయ తోటలోనో తిరిగిన బట్టలతో లోపలికి వెళ్ళకండి. ఈ రెండు తెరల అలవాటు లేకపోతే వల మీద పెట్టిన డబ్బంతా నీళ్ళపాలే.

నీడ ఎక్కువైనా నష్టమే. ముసురు రోజుల్లో కూడా పచ్చనెట్ వేసి ఉంచితే నారు వెలుతురు కోసం సన్నగా సాగుతుంది, నాటాక మెడ వాలుస్తుంది. నాటడానికి వారం, పది రోజుల ముందే నీడ తీసేసి ఎండ తగలనివ్వండి, నీళ్ళు తగ్గించండి.

ఇప్పుడు మందుల మాట. నారుకుళ్ళు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపండి, పై తడి తగ్గించండి. అంతవరకే. ఆ పాలీహౌస్ రైతు సంచిలో నాకు అయిదు సీసాలు కనిపించాయి. రెండు పైరిత్రాయిడ్లు, ఒకటి పూత దశకు దాచుకోవలసిన ఖరీదైన కొత్త మందు, మిగతా రెండింటి మీద "బయో" అన్న మాట తప్ప రిజిస్ట్రేషన్ నంబరే లేదు. షాపాయన అన్నీ కలిపి కొట్టమన్నాడట! నెల రోజుల నారు మీద పైరిత్రాయిడ్లు కొడితే మిత్ర పురుగులు చచ్చి నల్లి, తామర పురుగు ఇంకా పెరుగుతాయి. పూతలో పనిచేయాల్సిన మందును నారులోనే అలవాటు చేస్తే అక్టోబరులో దేనితో కొడతారు? ఈ మాట ప్రతి ఏడాదీ రాస్తున్నాను. సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ లేకపోతే తీసుకోకండి. బ్యాచ్ నంబరు వేసిన బిల్లు ఇవ్వనంటే ఆ షాపు దిగి వచ్చేయండి.

నారు కొనుక్కునేవాళ్ళూ అంతే. 2010 చట్టం ప్రకారం నర్సరీకి రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూడండి. ట్రేలు బండికెక్కక ముందే అక్కడక్కడా పది మొక్కల కొసలు తెల్ల కాగితం మీద తట్టండి. నల్ల గీతలు కదిలితే అడ్వాన్సు పోయినా సరే, ఆ నారు మీ చేలోకి రానివ్వకండి. విత్తనం రకం, లాట్ నంబరు బిల్లు మీద రాయించుకోండి.

మిగతా పంటలకు తలా ఒక మాట. పత్తి సాళ్ళలో నీరు నిలవనీయకండి. వడలిన మొక్కకు కావలసింది మురుగు కాలువ, టానిక్కు కాదు. వరి నారు ముదిరితే కొసలు తుంచి, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువ వేసి నాటండి. కందికి నీరు తీసే బోదె ఇప్పుడే చేయండి. టమాటా నారుకూ ఇదే వల, ఇవే రెండు తెరలు. బొప్పాయి కొత్తగా పెట్టేవాళ్ళు మిర్చి చేను పక్కన పెట్టకండి.

పాలీహౌస్ కాగితాల మీద సంతకం చేయబోతున్నవాళ్ళకు ఒక్క మనవి. ఒక వారం ఆగి మండల ఉద్యాన అధికారిని పొలానికి పిలిచి స్థలం చూపించండి, సబ్సిడీ ఎంతో, ఎప్పుడు వస్తుందో ఆయన నోటే వినండి. వల, వెదురు ఇవాళ తెచ్చుకుంటే రెండు రోజుల్లో పందిరి లేస్తుంది. పుష్యమి కార్తెలో పోసిన నారు భాద్రపదానికి నాటుకు వస్తుంది.